వాచ్ నన్ను మెచ్చుకుంటూనే ఉంది, నా బరువు పెరుగుతూనే ఉంది: వెయిట్ లాస్ సర్జరీ తర్వాత గ్యాడ్జెట్లతో నా రెండేళ్లు

2024 డిసెంబర్‌లో ఒక రాత్రి నా స్మార్ట్‌వాచ్ వైబ్రేట్ అయ్యింది. చూస్తే స్క్రీన్ మీద రంగు కాగితాలు ఎగురుతున్నాయి. "అభినందనలు, 30 రోజుల స్ట్రీక్" అట. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో కూడా పెట్టా. మర్నాడు పొద్దున వెయింగ్ మెషీన్ ఎక్కితే 86.4 కిలోలు. అదే ఏడాది ఏప్రిల్‌లో నేను 79. ఆ ఏడు కిలోల్లో దాదాపు రెండు కిలోలు ఆ స్ట్రీక్ నడిచిన నెలలోనే పెరిగినవి.

ఈ సైట్‌లో ఇప్పటిదాకా నేను రాసినవన్నీ బ్యాటరీ, డిస్‌ప్లే, సెన్సర్ల గురించే. ఇది కాస్త వేరు. నాకు 2023 ఫిబ్రవరిలో బేరియాట్రిక్ సర్జరీ అయింది. ఆఫీసులో చాలామందికి ఇప్పటికీ తెలియదు. "జిమ్‌కి వెళ్తున్నా" అని చెప్పి రెండేళ్లు నెట్టుకొచ్చా. ఈ ఆర్టికల్‌తో ఆ సీక్రెట్ అయిపోయినట్టే. పోనీలే.

కొంచెం బ్యాక్‌గ్రౌండ్. మాది ఖమ్మం, ఉద్యోగం హైదరాబాద్‌లో. 2019లో బీటెక్ అయింది, ఉద్యోగంలో చేరి సెటిల్ అయ్యేలోపే లాక్‌డౌన్ వచ్చింది. కాలేజీలోనే వందకి దగ్గర్లో ఉన్నవాణ్ణి, వర్క్ ఫ్రమ్ హోమ్ దెబ్బకి 124 అయ్యా. నా ఎత్తు 172 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ దాదాపు 42. షుగర్ బోర్డర్‌లో ఉంది, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉంది. నాన్నకి 40 ఏళ్లకే షుగర్ వచ్చింది, నాకు 30 కూడా రానిచ్చేలా లేదు. మూడు డైట్లు, రెండు జిమ్ మెంబర్‌షిప్‌లు అయ్యాక డాక్టర్ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ సజెస్ట్ చేశారు.

స్లీవ్‌లో పొట్ట సంచిలో దాదాపు ముప్పావు వంతు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతో పోతుంది. అందుకే మొదటి కొన్ని నెలలు ఆకలి అంటే ఏంటో మర్చిపోతాం. ముందు లిక్విడ్స్, తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాత మామూలు తిండి. బరువు దానంతటదే దిగుతుంది. దీన్ని "షార్ట్‌కట్" అనేవాళ్లని ఒక్క నెల ఆ చిన్న గ్లాసులతో చారు నీళ్లు తాగమనాలని నా కోరిక.

ఏడాది, ఏడాదిన్నర దాటాక ఆ ఊపు తగ్గుతుంది. ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. ఒకేసారి ఎక్కువ తినలేం కానీ, కొంచెం కొంచెంగా రోజంతా తినొచ్చు. చిప్స్, ఐస్‌క్రీమ్, మిక్చర్ లాంటివి ఆ చిన్న గొట్టంలోంచి ఇబ్బంది లేకుండా జారిపోతాయి. చికెన్, గుడ్డు అయితే రెండు ముద్దలకే "చాలు" అంటుంది. తినకూడనివి సులువుగా దిగుతాయి, తినాల్సినవి కష్టంగా దిగుతాయి. సర్జరీ చేతికిచ్చేది హార్డ్‌వేర్ మాత్రమే. అలవాట్లు పాతవే ఉంటే ఆ హార్డ్‌వేర్ మీద పాత సాఫ్ట్‌వేరే రన్ అవుతుంది.

ఏడు కిలోల బగ్

86.4 చూశాక నేను చేసిన మొదటి పని మెషీన్‌ని మంచం కిందకి తోసేయడం. రెండు వారాలు దాని మొహం చూడలేదు. సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ తలుపు దగ్గరే చూసి, "ఏరా నాన్నా, బుగ్గలు మళ్లీ వచ్చినయ్" అంది సంతోషంగా. ఆమెకి అది మంచి విషయం. నాకు ఆ రోజు అరిసె గొంతు దిగలేదు. (అబద్ధం. రెండు దిగాయి. అరిసెలు కూడా జారే రకమే.)

హైదరాబాద్ తిరిగొచ్చాక ఉద్యోగంలో ఏం చేస్తానో అదే చేశా, లాగ్స్ తీశా. వాచ్ యాప్‌లోంచి మూడు నెలల డేటా ఎక్స్‌పోర్ట్ చేసి గూగుల్ షీట్స్‌లో పెట్టా. రోజుకి 6,500 నుంచి 8,000 అడుగులు. బాగానే ఉంది. "మొత్తం ఖర్చైన క్యాలరీలు" అనే కాలమ్‌లో మాత్రం రోజూ 2,800, 2,900. ఇంత ఖర్చు చేసే మనిషి నేను తినేది తింటే తగ్గాలి కదా?

ప్రొఫైల్ ఓపెన్ చేశా. ఎత్తు 172. వయసు సరే. బరువు: 124.

వాచ్ కొన్నది 2022 నవంబర్‌లో, సర్జరీకి ముందు. స్మార్ట్ వెయింగ్ మెషీన్ తర్వాత కొన్నా, అది వేరే కంపెనీది, దాని యాప్ వేరు. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు, నేనూ మాట్లాడించలేదు. రెండేళ్లపాటు నా మణికట్టు మీద ఉన్నది 124 కిలోల మనిషి వాచ్. స్టేల్ డేటా వల్ల ప్రొడక్షన్ పడిపోయిందని జూనియర్లకి క్లాసులు పీకే నేను, నా ఒంటి మీదే దాన్ని పెట్టుకుని తిరిగా.

లెక్క చూడండి. విశ్రాంతిలో ఖర్చయ్యే క్యాలరీలకి చాలా యాప్‌లు మిఫ్లిన్–సెయింట్ జోర్ ఫార్ములా వాడతాయి. అందులో ప్రతి కిలోకీ 10 క్యాలరీలు. 124కీ 80కీ తేడా 44 కిలోలు, అంటే కదలకుండా కూర్చున్నా రోజుకి 440 క్యాలరీలు ఎక్కువ చూపిస్తుంది. నడకలో ఖర్చు కూడా బరువుతో పాటే పెరుగుతుంది కాబట్టి అక్కడ ఇంకో యాభై శాతం దాకా అదనం. పైగా నా ఫుడ్ యాప్ వాచ్‌కి కనెక్ట్ అయి ఉంది. అది సాయంత్రం ఏడింటికి "ఇంకా 700 క్యాలరీలు మిగిలాయి" అని నోటిఫికేషన్ పంపేది. ఆ 700 నాకు పర్మిషన్ స్లిప్. స్టాండప్ కాల్‌లో కెమెరా ఆఫ్ చేసుకుని మిక్చర్ ప్యాకెట్ ఖాళీ చేసేవాణ్ణి, ఏమాత్రం గిల్టీ లేకుండా.

ప్రొఫైల్ కరెక్ట్ చేస్తే అంతా సరైపోతుందా అంటే, అదీ కాదు. 2017లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు ఏడు రిస్ట్ డివైజ్‌లని టెస్ట్ చేస్తే, ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో కొలిచాయి. క్యాలరీల్లో మాత్రం అన్నిటికంటే బాగున్నదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే చెత్తది 93 శాతం. సెన్సర్లు అప్పటికంటే మెరుగుపడ్డాయి, ఒప్పుకుంటా. కానీ మణికట్టు మీద పచ్చ లైటు కొలిచేది రక్త ప్రవాహాన్ని. క్యాలరీ అనేది దాని మీద వేసే అంచనా. ఆ అంచనాని నేను బ్యాంక్ బ్యాలెన్స్ అనుకున్నా.

ఏ బ్రాండో అడగకండి. తప్పు వాచ్‌ది కాదు, సెట్టింగ్‌ది. బరువు బాగా తగ్గినా, పెరిగినా మీ వాచ్ ప్రొఫైల్ ఇప్పుడే ఒకసారి చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్ ద్వారా, మీ రెండు యాప్‌లూ సపోర్ట్ చేస్తే, బరువు డేటా పంచుకోవచ్చు. నేను దాటేసింది అలాంటి ఒకట్రెండు పర్మిషన్లనే.

వాచ్ కొలవనిది

ఇదంతా షీట్‌లో పెట్టుకుని గర్వంగా డైటీషియన్ దగ్గరికి వెళ్లా. ఆమె ల్యాప్‌టాప్ వైపు కూడా చూడలేదు. "గ్రాఫ్ తర్వాత చూద్దాం. నిన్న ప్రొటీన్ ఎంత తిన్నారు? విటమిన్లు వేసుకుంటున్నారా?" అని అడిగింది.

రెండిటికీ నా దగ్గర సమాధానం లేదు. పాదాల్లో తిమ్మిర్లు వస్తున్నాయని మాత్రం చెప్పా. చాలాసేపు కూర్చోవడం వల్లే అనుకున్నా. ఆమె వెంటనే బ్లడ్ టెస్ట్ రాసింది. బీ12 చాలా తక్కువ వచ్చింది. తిన్న తిండిలోంచి బీ12 ఒంటికి పట్టాలంటే పొట్టలో తయారయ్యే ఆమ్లం, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కావాలి. పొట్టలో ఎక్కువ భాగం తీసేశాక అవి రెండూ తగ్గుతాయి. అందుకే ఆ మాత్రలు జీవితాంతం. డిశ్చార్జ్ రోజునే చెప్పారు, పేపర్ మీద రాసిచ్చారు. బాగున్నానని అనిపించాక, సుమారు ఐదు నెలలు మానేశా. అలాగే వదిలేస్తే నరాలు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పినప్పుడు భయమేసింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, తిమ్మిర్లు తగ్గడానికి నెలలు పట్టింది.

30 రోజుల స్ట్రీక్ ఇచ్చిన వాచ్‌కి ఇదేదీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు.

అందుకే సిస్టమ్ మార్చా. విటమిన్ డబ్బా మూత మీద ఒక ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్ అంటించా. మాత్ర వేసుకున్నాక ఫోన్ దానికి తాకిస్తే, ఆటోమేషన్ యాప్ షీట్‌లో తేదీ, టైమ్‌తో ఒక వరస రాస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు షార్ట్‌కట్స్‌లో ఇదే చేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకూడదు, కనీసం రెండు గంటల గ్యాప్ ఉండాలి. కాబట్టి రెండు డబ్బాలు, రెండు స్టిక్కర్లు. ఐరన్ ట్యాప్ చేసిన రెండు గంటలకి కాల్షియం రిమైండర్ దానంతటదే వస్తుంది. మామూలు అలారం ఎందుకు కాదంటే, అలారాన్ని నేను నిద్రలోనే ఆపేయగలను. స్టిక్కర్ కోసం డబ్బా దగ్గరికి నడవాలి.

రెండోది కిచెన్ స్కేల్. ఐదు వందల లోపే వచ్చింది, బ్లూటూత్ లేదు, యాప్ లేదు. ఇంట్లో ఉన్న అన్ని గ్యాడ్జెట్లలో దానికే నా ఓటు. నాకు చెప్పిన టార్గెట్ రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్. రెండు ఇడ్లీల్లో ఉండేది నాలుగు గ్రాములే. గుడ్డులో ఆరు. 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18. చిన్న పొట్టలో ఇడ్లీకి చోటిస్తే గుడ్డుకి చోటు మిగలదు. అందుకే ప్రొటీన్ ముందు, అన్నం చివర. ఫుడ్ యాప్‌లో "ఒక గిన్నె పప్పు" అని ఉంటుంది కానీ అమ్మ చేసే ముద్దపప్పూ, మెస్‌లో పోసే పప్పునీళ్లూ ఒకటెలా అవుతాయి? ఇంకో చిన్న విషయం: చికెన్ పచ్చిదా, వండిందా అన్నది యాప్‌లో సరిగ్గా ఎంచుకోండి. వండితే నీరు పోయి బరువు తగ్గుతుంది. నేను చాలాకాలం పచ్చిది తూచి వండిందాని కింద ఎంటర్ చేశా, అంటే తినని ప్రొటీన్ కూడా తిన్నట్టు లెక్క.

వాచ్‌ని పూర్తిగా పక్కన పెట్టలేదు. దానికి ఒక కొత్త ఉద్యోగం ఇచ్చా. ఇంటర్వల్ టైమర్ యాప్ వేసి, నిమిషానికి ఒకసారి సౌండ్ లేకుండా వైబ్రేట్ అయ్యేలా పెట్టా. ఒక వైబ్రేషన్‌కి ఒక ముద్ద. అది నమిలి మింగేదాకా స్పూన్ కింద. మొత్తం 20 నిమిషాలు. అయిపోయాక 30 నిమిషాల కౌంట్‌డౌన్, అది అయ్యేదాకా నీళ్లు తాగను. ఆఫీస్ క్యాంటీన్‌లో పక్కవాడికి కూడా తెలియదు. ఈ పనికి పదిహేను వేల వాచ్ అక్కర్లేదు, రెండు వేల బ్యాండ్ చాలు.

వెయింగ్ మెషీన్ మంచం కింద నుంచి బయటికొచ్చింది. కానీ అది చూపించే పదమూడు అంకెల్లో పన్నెండిటిని చూడటం మానేశా. ఈ స్మార్ట్ స్కేల్స్ పాదాల్లోంచి చిన్న కరెంట్ పంపి, ఎంత అడ్డు వచ్చిందో చూసి ఫ్యాట్ శాతం అంచనా వేస్తాయి. ఒంట్లో నీరు మారితే అంకె మారుతుంది. నాకు ఒకే రోజు పొద్దున 31, సాయంత్రం 28 చూపించింది. నేను రోజూ ఎక్కుతా, కానీ షీట్‌లో కనిపించేది ఏడు రోజుల సగటు మాత్రమే. ఉప్పు ఎక్కువైన రోజు కిలో పెరిగినా కంగారు లేదు. ఆ సగటు 84 దాటితే సెల్ ఎర్రగా అవుతుంది, అదే రోజు డైటీషియన్‌కి మెసేజ్ పెట్టాలని నాతో నేనే రూల్ పెట్టుకున్నా. ఇంకోసారి మంచం కింద దాచే ఆప్షన్ ఉండకూడదని ఆ షీట్ చెల్లికి కూడా షేర్ చేశా. దానికి ఎడిట్ యాక్సెస్ ఇవ్వడం మాత్రం తప్పయింది, సెల్ ఎర్రగా అయితే కనిపించేలా అది పెట్టిన ఎమోజీ ఇక్కడ రాయలేను.

ఈ అంకెలన్నీ నా డాక్టర్, నా డైటీషియన్ నాకు చెప్పినవి. మీకో, మీ ఇంట్లో ఎవరికో ఈ సర్జరీ అయి ఉంటే మీ టీమ్ చెప్పిన లెక్కలే వాడండి, సిస్టమ్ మాత్రం కాపీ కొట్టుకోండి.

ఇవాళ్టి సగటు 82.1. 79కి వెళ్తానో లేదో తెలియదు, డైటీషియన్ కూడా దాని గురించి అడగడం మానేసింది. బీ12 నార్మల్‌కి వచ్చింది, మూడు నెలలకోసారి టెస్ట్ క్యాలెండర్‌లో ఉంది. పోయిన వారం స్టెప్ స్ట్రీక్ తెగింది, వాచ్ చాలా బాధపడింది.

ఈ శుక్రవారం టీమ్ లంచ్, బిర్యానీ. నేను చికెన్ పీస్‌లు ముందు తింటా, టైమర్ ఆన్‌లోనే ఉంటుంది. ఎందుకంత మెల్లగా తింటున్నావని ఎవరైనా అడిగితే ఈ లింక్ పంపిస్తా.