కొత్త మోటారుసైకిలును ఎంతవరకు నమ్మవచ్చును?

మా కళాశాలలో చదువుకొనిన వీపనగండ్ల యువకుడొకడు వేరుసెనగ పంట డబ్బునకు కొంత అప్పు చేర్చి కొత్త మోటారుసైకిలు నొకదానిని కొనినాడు. తారురోడ్డుపైనను, రాళ్లదారిపైనను దూరప్రయాణములు చేయుటకై రూపొందించిన పెద్దబండి అది. పెద్ద ముందుచక్రము, పొడుగైన స్ప్రింగులు, సామాను కట్టుకొనుటకు ఇనుపచట్రము, అన్నియు నున్నవి. తండ్రిని వెనుక కూర్చుండబెట్టుకొని కొల్లాపురము, అచ్చంపేటల మీదుగా శ్రీశైలము పోవలెనని అతని కోరిక. నా యొద్దకు వచ్చి, "సార్, కొత్త బండి గద, గ్యారంటీ గుడ ఉంది. అడివిల ఆగదు గద?" అని యడిగెను.

ఇది చిన్న ప్రశ్న కాదు. మన్ననూరు దాటిన తరువాత రోడ్డు అమ్రాబాదు పులుల సంరక్షణ ప్రాంతములో సాగును. రాత్రివేళ అచ్చట వాహనములను పోనీయరు. పొద్దు వాలుచుండగా, వయసు మళ్లిన తండ్రి వెనుక నుండగా, ఆ అడవి నడుమ బండి ఆగినచో ఏమగునో ఊహింపవచ్చును. కొత్తది కనుక ఆగదను నమ్మకము సరియైనదేనా? శాస్త్రము చెప్పు సమాధానము కొంత వింతగా నుండును. యంత్రము మిక్కిలి కొత్తగా నున్న దినములే మిక్కిలి నమ్మదగిన దినములు కావు. అది ఎట్లో చూతము.

విశ్వసనీయత యనగా నేమి?

నిత్యవ్యవహారములో "మంచి బండి", "గట్టి బండి" అందుము. ఇంజనీరునకు ఇది చాలదు. ఒక యంత్రము, నిర్ణయించిన పరిస్థితులలో, నిర్ణయించిన కాలము లేక దూరము వరకు, తన పనిని ఆటంకము లేకుండ చేయగల సంభావ్యతనే అతడు విశ్వసనీయత యనును. అది 0కును 1కిని నడుమ నుండు ఒక సంఖ్య. 0.95 అనగా, అట్టి ప్రయాణములు నూరు చేసినచో సుమారు తొంబదియైదు నిరాటంకముగా ముగియునని యర్థము.

ఈ నిర్వచనములో పరిస్థితులు, దూరము అను రెండు షరతులు కలవు. పెబ్బేరు వద్ద 44వ జాతీయ రహదారిపై నడచు బండి విశ్వసనీయత వేరు. అదే బండి ఎండకాలపు మట్టిదారిలో, ఇద్దరు మనుష్యులతోను సామానుతోను నడచునపుడు వేరు. కనుక దారిని, దూరమును చెప్పక "ఈ బండి నమ్మదగినదా?" యని యడుగుట అసంపూర్ణమైన ప్రశ్న.

గ్యారంటీ విశ్వసనీయత కాదు. చెడినచో బాగుచేసి యిత్తుమను వాగ్దానము మాత్రమే అది. ఆ వాగ్దానము నెరవేరునది పట్టణమందలి సర్వీసు కేంద్రములో. బండి ఆగునది అడవిలో.

గొలుసు లెక్క

ఇంజను, చైను, బ్యాటరీ, పెట్రోలు పంపు వీనిలో ఏ ఒక్కటి ఆగినను బండి ఆగును. ఇట్టి యమరికను శ్రేణి యందురు. పూర్వము జనులు, గొలుసు బలము దాని బలహీనమైన కొక్కెము బలమంత యనుకొనెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో ఎగిరే బాంబుల నిర్మాణములో పనిచేసిన రాబర్ట్ లూసర్, గణితవేత్త ఎరిక్ పియెరుష్కా అను వారలు, విశ్వసనీయత విషయమున ఆ మాట చాలదని గుర్తించిరి. శ్రేణి విశ్వసనీయత అందలి భాగముల విశ్వసనీయతల లబ్ధమునకు సమానము. అందుచే అది బలహీనమైన భాగముకంటెను తక్కువగా నుండును.

ఉదాహరణకు, 100 భాగములు కలవనుకొనుడు. ఒక్కొక్కటి వేయి ప్రయాణములలో ఒక్కసారి మాత్రమే చెడును. అనగా విశ్వసనీయత 0.999. నూరింటి లబ్ధము సుమారు 0.905. అట్టి భాగములు 1000 ఉన్నచో లబ్ధము 0.368 మాత్రమే! ఒక్కొక్క భాగము దాదాపు నిర్దోషమైనను, మొత్తము బండి మూడింట రెండువంతుల ప్రయాణములలో ఆగును. భాగమునకు 0.99999 విశ్వసనీయత నిచ్చినచో, వేయి భాగములకు 0.99 లభించును. ఆధునిక కర్మాగారములు అంతటి కచ్చితత్వమునకై ఏల పాటుపడునో ఈ లెక్క తెలుపుచున్నది.

అట్లైనచో భాగములు పెరిగినకొలది బండి చెడిపోవుచుండవలెను గదా? ఎల్లప్పుడు కాదు. మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డు కర్మాగారపు సంతతియైన రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 2016లో హిమాలయన్ అను బండిని విడుదల చేసెను. దాని ఇంజను 411 ఘన సెంటీమీటర్లు; గాలితోను, నూనెతోను చల్లబడునది; మొదట కార్బురేటరుతో వచ్చినది. 2023లో వచ్చిన కొత్త హిమాలయన్ ఇంజను 452 ఘన సెంటీమీటర్లు, ద్రవముతో చల్లబడును. దీనికి రేడియేటరు, నీటిపంపు, ఫ్యాను అదనపు కొక్కెములు. కాని అవి ఇంజను వేడిని అదుపులో నుంచి, తక్కిన కొక్కెముల ఆయువును పెంచును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతములలో ఇది అల్పవిషయము కాదు. కాబట్టి భాగముల సంఖ్య నొక్కదానినే చూచి తీర్పు చెప్పరాదు.

తొట్టి వక్రము

ఒకే రకపు బండ్లను అనేకముగా తీసికొని, నడచిన దూరమును అడ్డముగాను, చెడిపోవు రేటును నిలువుగాను గీసినచో స్నానపుతొట్టి నిలువుకోత వంటి వక్రము సాధారణముగా వచ్చును. మొదట రేటు ఎక్కువగా నుండి దిగును. నడుమ చాలకాలము సమముగా సాగును. చివర అరుగుదలవలన మరల ఎక్కును. మనుష్యులలో శైశవమునను, వార్ధక్యమునను మరణములు అధికముగా నుండుట వంటిదే ఇది.

మొదటి భాగమున రేటు ఏల దిగును? దీనిని తరగతిలోనే చూపవచ్చును. అరువదిమంది విద్యార్థులను నిలువబెట్టుడు. ప్రతివారును ఒక బండి. నలుబదిమంది గట్టిబండ్లు, పాచిక వేసినపుడు 6 పడిన కూర్చుండవలెను. ఇరువదిమంది లోపపు బండ్లు. వీరు 4, 5, 6లలో ఏది పడినను కూర్చుండవలెను. పాచికలు లేనిచో అంకెలు వ్రాసిన చీటీలు చాలును. మొదటి విడతలో నిలుచున్నవారిలో సగటున నూటికి 28 మంది కూర్చుందురు, రెండవ విడతలో మిగిలినవారిలో నూటికి 24, మూడవదానిలో 22, నాలుగవదానిలో 20.

రేటు దిగుచున్నది. కాని ఆటలో ఏ బండియు బాగుపడలేదు! లోపపు బండ్లు ముందుగా ఏరివేయబడినవి, అంతే. మొదట మూడింటికొకటి లోపపు బండి. నాలుగు విడతలు దాటి నిలిచినవానిలో అది సుమారు పదునారింటికొకటి మాత్రమే. కొత్తబండిని కొనినవానికి ఇందలి పాఠము స్పష్టము. తన బండి ఏ జాతిదో అంగడిలో తెలియదు. కొంతదూరము నిరాటంకముగా నడచినపుడే, అది గట్టిజాతిదను నమ్మకము పెరుగును. ఆ కొంతదూరము ఇంటిచుట్టు నడచుట వివేకము.

తొట్టి అడుగుభాగమును గూర్చి ఒక భ్రమ కలదు. "సగటున 10,000 కిలోమీటర్లకొక ఆటంకము" అనినచో, 10,000 వరకు నిశ్చింతయని తలచుదురు. రేటు సమముగా నున్నపుడు 10,000 కిలోమీటర్లు నిరాటంకముగా దాటు సంభావ్యత 0.37 మాత్రమే. 500 కిలోమీటర్ల ప్రయాణమునకు అది 0.95. సగటు హామీ కాదు.

కొత్త ఇంజనులో జరుగునది

లోపములను ఏరివేయుటయే కాక, కొత్తబండిలో నిజముగా మార్పులు కూడ జరుగును. సిలిండరు గోడ కంటికి నునుపుగా తోచినను, సూక్ష్మదర్శినిలో గీతలతో నిండియుండును. నూనె నిలుచుటకై వానిని కావలెననియే గీయుదురు. మొదటి వందల కిలోమీటర్లలో పిస్టను రింగులు ఆ గీతల కొనలను అరగదీసి గోడతో చక్కగా పొందికపడును. రాలిన లోహపురజను నూనెలో చేరును. అందుచేతనే మొదటి సర్వీసు అంత త్వరగా వచ్చును. అపుడు నూనెను తప్పక మార్చవలెను. ఈ దశలో ఇంజనును మిక్కిలి వేగముగా తిప్పరాదు. ఒకే వేగముతో గంటలకొలది నడుపరాదు.

బోల్టులదియు ఇట్టి కథయే. బిగించిన బోల్టు కొద్దిగా సాగిన స్ప్రింగు వంటిది. దానిక్రింద రంగుపొర, లోహపు గరుకుదనము నలిగినచో బిగువు తగ్గును. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినచో గంటకు 3,60,000 చుట్లు. ప్రతి చుట్టునకును ఒక అదురు. బిగువు తగ్గిన బోల్టు ఆ యదురునకు వదులగును. చక్రపు పుల్లలును మొదట కొంత సర్దుకొని వదులగును. బలము స్వల్పమైనను అనేకపర్యాయములు పడినచో లోహము అలసి విరుగునని, 19వ శతాబ్దిలో రైలు ఇరుసులను పరీక్షించి జర్మనీ దేశస్థుడు వ్యోలర్ చూపెను. ఎగుడుదిగుడు దారిలో అధికభారము మోయుట ఈ యలసటను త్వరపరచును.

మన దారుల ధూళి మరియొక శత్రువు. అందలి ఇసుకరేణువులు ప్రధానముగా క్వార్ట్జు. దాని కాఠిన్యము మోస్ కొలబద్దపై 7. మామూలు ఉక్కుకంటె గట్టిది. అది గాలివడపోతను తప్పించుకొని లోనికి పోయినచో సిలిండరును, చైను పిన్నులను ఆకురాయివలె అరగదీయును. ఇట్టిచోట్ల వడపోతను పుస్తకమున చెప్పిన గడువునకు ముందే చూచుకొనవలెను.

లోపము గుంపుగా వచ్చినపుడు

కొన్ని లోపములు ఒక్క బండికి కాక, ఒకే కాలమున తయారైన బండ్లన్నిటికి వచ్చును. 2020 డిసెంబరు, 2021 ఏప్రిలు నడుమ తయారైన కొన్ని 350 తరగతి బండ్లలో ఇగ్నిషను కాయిలు లోపపడవచ్చునని రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ తన పరీక్షలలో కనిపెట్టి, 2021 మేలో ఏడు దేశములలోని 2,36,966 బండ్లను పరీక్షకై వెనుకకు పిలిచెను. వానిలో పదవవంతుకంటె తక్కువవానికే భాగము మార్పవలసి యుండునని అంచనా. ఏవి ఆ పదవవంతో బయటికి తెలియదు. అందుచే అన్నిటిని చూచుట తప్పలేదు. ప్రమాదకరమైన లోపమున్న వాహనములను వెనుకకు పిలిపించు అధికారమును 2019 నాటి మోటారువాహనముల సవరణ చట్టము ప్రభుత్వమునకు ఇచ్చినది. ఇట్టి పిలుపు వచ్చిన బండి చెడ్డదని తలపరాదు. పిలుపును పెడచెవిని పెట్టుటయే చెడ్డది. కొనినవారు చాసిస్ నంబరును వ్రాసియుంచుకొని, పిలుపు వచ్చినదేమో అప్పుడప్పుడు విచారింపవలెను.

యువకుని బండి

నేను మా విద్యార్థికి చెప్పినది ఒక్కటే: "మొదటి వేయి కిలోమీటర్లు ఊరి చుట్టుప్రక్కలనే నడుపుము." అతడు అయిష్టముగానే అంగీకరించెను. రెండవ వారమున కొల్లాపురము దారిలో బండి ఆగినది. పెట్రోలు కలదు, బ్యాటరీ కలదు. గేరు వేయగానే ఇంజను ఆగుచున్నది. ప్రక్కస్టాండు దించియుండగా బండి కదలకుండుటకై ఒక చిన్న స్విచ్చి అమర్చుదురు. దాని తీగ అతుకు వదులై, స్టాండు పైకి మడిచియున్నను దిగియున్నదనియే తెలుపుచుండెను. గొలుసులో అతిచిన్న కొక్కెము అంత పెద్ద బండిని ఆపినది. ఊరి మెకానిక్కు పది నిమిషములలో సరిచేసెను. మన్ననూరు అవతల ఆగియున్నచో అదే లోపము ఎంత పెద్దదై యుండెడిదో!

మొదటి సర్వీసులో నూనె మార్పించి, బోల్టులను, పుల్లలను బిగింపించి, చైను సరిచూపించుకొని, ఆ తరువాతనే అతడు తండ్రితో శ్రీశైలము పోయి వచ్చెను. టైరు పంక్చరు సామగ్రి, అదనపు ఫ్యూజులు వెంట తీసికొనినాడు. ఉదయముననే బయలుదేరి, చీకటి పడకముందే అడవి దాటినాడు. ఇంత చేసినను సంభావ్యత 1 కాలేదు. ఏ యంత్రమునకును అది 1 కాదు. మన జాగ్రత్త దానిని 1 వైపునకు జరుపును. మిగిలిన కొద్దిపాటి సందేహమునకై సిద్ధపడి పోవుటయే తెలివి.

ఉపాధ్యాయులు పైన చెప్పిన పాచికల ఆటను తరగతిలో ఆడించి, ప్రతి విడతకు ఎందరు కూర్చుండిరో పటము గీయింపవలెనని కోరుచున్నాను. తరువాత లోపపు బండ్లను తీసివేసి, అందరిని గట్టిబండ్లుగానే ఉంచి మరల ఆడింపుడు. ఈసారి రేటు ఏ విడతకును పెద్దగా మారదు. రెండు పటములను ప్రక్కప్రక్కన ఉంచి భేదమునకు కారణమేమని యడిగినచో, విద్యార్థులు తొట్టి వక్రపు మొదటి భాగమును తమంతట తామే వివరింపగలరు.