గర్భిణి దిగులును ఫోను పసిగట్టగలదా?

ప్రసవానికి ముందు జరిగే పరీక్షల్లో రక్తపోటు, బరువు, హిమోగ్లోబిన్, కడుపులోని బిడ్డ గుండె చప్పుడు క్రమం తప్పక నమోదవుతున్నా, తల్లి మనసు ఎలా ఉందన్న ప్రశ్నకు మాత్రం చాలా ఆసుపత్రుల్లో ఇంకా చోటు దొరకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో సుమారు 10 శాతం, బాలింతల్లో 13 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారు. వర్ధమాన దేశాల్లో ఇది గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం. కుంగుబాటు అంటే ఒక పూట ఉండి పోయే దిగులు కాదు. కనీసం రెండు వారాలపాటు, రోజులో ఎక్కువ భాగం మనసు క్రుంగి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోయే స్థితిని వైద్యులు ఆ పేరుతో పిలుస్తారు.

కడుపుతో ఉన్న ఆడపిల్ల కంట తడి పెట్టకూడదని పెద్దలు చెప్పే మాట ప్రేమలోంచి పుట్టిందే అయినా, అది కన్నీటిని ఆపలేదు సరికదా దాచుకోవడం నేర్పుతుంది. అలా దాగిన బాధ నిద్ర పట్టడం లేదనో, తల బరువుగా ఉందనో, గుండె దడగా ఉందనో ఒంటి భాషలో బయటికి వస్తుంది. ఇవన్నీ గర్భంతో సహజంగా వచ్చే ఇబ్బందులే కావడంతో విన్నవారు ఐరన్ మాత్రలు వేసుకోమని సలహా ఇచ్చి ఊరుకుంటారు.

ఈ చిక్కును ముందే గుర్తించినవారు మానసిక వైద్యుడు జాన్ కాక్స్, ఆయన సహచరులు. బాలింతల్లో కుంగుబాటును గుర్తించడానికి 1987లో వారు ప్రచురించిన ఎడిన్‌బరో కొలమానం తర్వాతి కాలంలో గర్భిణులకూ వాడుకలోకి వచ్చింది. గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు, మొత్తం 30. నీరసం, ఆకలి తగ్గడం వంటి శారీరక లక్షణాలను ఉద్దేశపూర్వకంగా పక్కనపెట్టి, నవ్వగలగడం, రేపటి కోసం ఎదురుచూడగలగడం, కారణం లేకుండా భయపడటం వంటి వాటినే అది అడుగుతుంది. మార్కులు ఎక్కువగా వస్తే జబ్బు ఖాయమైనట్టు కాదు, వైద్యులు కూర్చుని మాట్లాడవలసిన అవసరం ఉందని మాత్రమే అర్థం. ఈ ప్రశ్నావళిని ఫోను తెర మీదికి తేవడంలో నిజమైన ప్రయోజనం ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగే గర్భిణుల పరీక్షల రద్దీలో, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా నోటితో చెప్పలేని జవాబును వేలితో తాకి చెప్పడం తేలిక.

అయితే తెలుగులో ఆ పని ఎంత జాగ్రత్తగా చేయాలో ఆరో ప్రశ్న ఒక్కటే చాటుతుంది. అందులోని ఆంగ్ల నుడికారాన్ని మక్కీకి మక్కీ దించితే వస్తువులేవో మీదికెక్కుతున్నాయన్న అర్థం వస్తుంది. దాని అసలు భావం పనులన్నీ మీదపడి దేన్నీ చక్కబెట్టుకోలేకపోతున్నానన్న నిస్సహాయత. ఇటువంటి చోట యంత్రానువాదాన్ని నమ్ముకున్న యాప్ తప్పుడు మార్కులు వేస్తుంది, వాటిని సవరించేవారు ఎవరూ ఉండరు. అంతకంటే లోతైన ఇబ్బంది మరొకటి ఉంది: శరీరాన్ని పక్కనపెట్టి రూపొందించిన కొలమానం, మనసు బాధను శరీరం ద్వారానే చెప్పుకొనే స్త్రీని అందుకోవాలంటే, నిద్ర పట్టడం లేదన్న మాట దగ్గరే ఆగి, ఆ వేళలో ఏం ఆలోచన వస్తోందని అడగగల మనిషి కావాలి.

పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు గురించి. మొత్తం మార్కులు ఎంత తక్కువున్నా, దీనికి సున్నా కాని జవాబు వస్తే ఆ రోజే వైద్య సిబ్బందిలో ఒకరు ఆమెతో మాట్లాడి తీరాలి. రాత్రి ఒంటిగంటకు ఆ జవాబు నొక్కిన స్త్రీకి ధన్యవాదాల సందేశం చూపి ఊరుకునే యాప్‌ను గర్భిణులకు ఇవ్వడం క్షమించరాని నిర్లక్ష్యం. ధ్యానం, శ్వాస వ్యాయామాలు నేర్పే యాప్‌లు స్వల్ప ఆందోళనకు ఊరటనివ్వవచ్చు గానీ ఇటువంటి స్థితికి అవి చికిత్స కావు.

మనిషి తోడు ఉంటే ఫలితం ఎలా ఉంటుందో పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలు చూపాయి. ఆలోచనల తీరును గమనించి మార్చుకోవడం నేర్పే చికిత్సను అక్కడి మహిళా ఆరోగ్య కార్యకర్తలు కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లి అందించగా, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి కుంగుబాటు మిగిలినవారు 23 శాతమే. ఆ శిక్షణ లేని కార్యకర్తలు మామూలుగా పలకరించి వచ్చిన తల్లుల్లో అది 53 శాతం. అతీఫ్ రహమాన్ బృందం 2008లో ప్రకటించిన ఈ ఫలితం తర్వాత ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించింది. ఆశా కార్యకర్త చేతిలోని ఫోనుకు ఇటువంటి పాఠాలు, బొమ్మలు, ప్రశ్నలు ఎక్కిస్తే, నేరుగా గర్భిణికి యాప్ ఇచ్చి వదిలేయడం కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

మిగిలింది ఫోను ఎవరిదన్న ప్రశ్న. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో మొదలుపెట్టిన కిల్కారీ సేవ నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు వారానికొకటి చొప్పున 72 కాల్స్‌తో తల్లికి సలహాలు వినిపిస్తుంది. కానీ ఆ కాల్ నమోదైన నంబరుకు వస్తుంది, చాలా ఇళ్లలో అది పగలంతా భర్త జేబులో ఉండే నంబరు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదట కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. అయినా ఉమ్మడి ఫోను కాల్ జాబితాలో ఆ అయిదంకెలు మిగిలిపోతాయన్న భయం ఒక్కటే ఆమె వేలిని ఆపగలదు. అందువల్ల గర్భిణి పేరు నమోదు చేసుకొనే రోజున నర్సు ఫోను నంబరు ఒక్కటే రాసుకుని సరిపెట్టకుండా, ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో, ఏ వేళలో చేస్తే ఆమె ఒంటరిగా మాట్లాడగలదో అడిగి, తల్లీబిడ్డల కార్డు మీద కాకుండా తన పుస్తకంలో రాసుకోవాలి. కార్డును ఇంట్లో అందరూ చూస్తారు.