కూకట్‌పల్లి నుండి మచిలీపట్నం తీరానికి: పగటివేళ చూడదగిన రహదారి

కూకట్‌పల్లి మీదుగా సాగే జాతీయ రహదారి అనగానే వాహనాల రద్దీ, మెట్రో స్తంభాలే నగరవాసుల స్మృతికి వస్తాయి. పుణెలో మొదలయ్యే ఈ రహదారి బంగాళాఖాతం ఒడ్డున మచిలీపట్నంలో ముగుస్తుందన్న విషయం దానిపై నిత్యం రాకపోకలు సాగించేవారిలో ఎందరి దృష్టికి వచ్చిందో సందేహమే. 2010 నాటి పునర్వ్యవస్థీకరణకు పూర్వం 9వ నెంబరుగా, ఆ పిదప 65వ నెంబరుగా వ్యవహరిస్తున్న ఈ మార్గంలో కూకట్‌పల్లి నుండి సముద్రతీరానికి దూరం సుమారు 350 కిలోమీటర్లు.

కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తక స్థావరం నెలకొల్పారు. గోల్కొండ నుండి ఆ రేవుకు వెళ్ళే మార్గాన్ని 17వ శతాబ్దికి చెందిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే తన యాత్రా గ్రంథంలో వివరించారు. నేటి రహదారి కొంచెం అటూ ఇటూగా ఆ దిశలోనే సాగుతున్నది.

సైబరాబాద్ ఉద్యోగులు అనేకులు వారాంతాలలో, పండుగలకు కూకట్‌పల్లిలో రాత్రి బస్సు ఎక్కి, మెలకువ వచ్చేసరికి కృష్ణా తీరం చేరుకుంటారు. దారి పొడవునా ఉన్న అందాలు ఆ విధంగా చీకటిలోనే గడచిపోతున్నాయి. సొంత వాహనాలలో వెళ్ళేవారి విషయంలో ఇది అందానికి మాత్రమే సంబంధించినది కాదు. తెల్లవారుజామున 2 నుండి 5 గంటల మధ్య నిద్రమత్తు అధికంగా ఉంటుంది. రోడ్డు పక్కన నిలిపిన లారీ ఆ వేళ దగ్గరకు వచ్చేవరకు కానరాదు. హైదరాబాద్-విజయవాడ మార్గం 2012 నాటికి నాలుగు వరుసలు కావడంతో వేగం పెరిగింది, పొరపాటుకు చెల్లించవలసిన మూల్యమూ పెరిగింది. ఉదయం 5 గంటల తరువాత బయలుదేరి, రెండు గంటలకొకసారి వాహనం ఆపడం ఉత్తమం.

బాహ్యవలయ రహదారి మీదుగా పెద్దఅంబర్‌పేట చేరితే నగర రద్దీ తప్పుతుంది. చౌటుప్పల్, చిట్యాల దాటే వరకు రాతిగుట్టలు, తాటిచెట్లు, మెట్టపొలాలు కనిపిస్తాయి. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రిలో రేచర్ల వంశీయులు నిర్మింపజేసిన కాకతీయుల నాటి శివాలయాలు ఒక గంట ఆగి చూడదగినవి. కోదాడ దాటిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ సరిహద్దు వస్తుంది. నందిగామ, కంచికచర్ల తరువాత వచ్చే పరిటాల ఒకప్పుడు వజ్రాల గనులకు ప్రసిద్ధి. ఉత్తర సర్కారులను వదులుకున్నప్పటికీ నిజాం ప్రభువులు ఈ చిన్న ప్రాంతాన్ని తమ ఏలుబడిలోనే ఉంచుకున్నారు. ప్రస్తుతం రహదారి పక్కన 135 అడుగుల ఆంజనేయ విగ్రహం చూసి ముందుకు సాగేవారే తప్ప, గనుల కథ అడిగేవారు అరుదు.

ఇబ్రహీంపట్నం వద్ద కొద్దిగా పక్కకు మళ్ళితే కొండపల్లి కోట, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే కళాకారుల ఇళ్ళు ఉన్నాయి. విజయవాడ దాటగానే దృశ్యం మారిపోతుంది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు వరకు కాలువలు, వరిచేలు, చెరకు, అరటి తోటలు కనుల పండువ చేస్తాయి. కూచిపూడి గ్రామానికి పామర్రు నుండి వెళ్ళవచ్చును. పెడనలో కలంకారీ అద్దకం నేటికీ జీవనోపాధిగా ఉంది.

వర్షాకాలంలో మాత్రం వాగుల పరిస్థితి తెలుసుకొని బయలుదేరాలి. 2024 సెప్టెంబరు ఆరంభంలో మున్నేరు, పాలేరు పొంగి ఈ రహదారిపైనే రాకపోకలు నిలిచిపోయాయి. అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను హెచ్చరికలను గమనించాలి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నంలోను, పరిసరాలలోను సుమారు 30 వేల మందిని బలిగొన్నది.

పట్టణానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని మంగినపూడి తీరంలో ఇసుక తెల్లగా మెరవదు. నల్లమట్టి కలిసిన ఆ తీరం చూసి కొందరు పర్యాటకులు నిరాశ చెందుతారు. తెల్లవారుజామున చేపల పడవలు ఒడ్డుకు చేరే దృశ్యం చూసినవారు ఆ మాట అనరు. అదే తీరంలో మచిలీపట్నం నూతన ఓడరేవు పనులు 2023 మే నెలలో ప్రారంభమయ్యాయి.