బట్ట మేలు చేలోనే ఉన్నది



పట్నంలో ఏ చీర చెల్లుతున్నదో, ఏ చొక్కా మోజులో ఉన్నదో మనకెందుకని మీరు అనవచ్చు. కాని ఆ చీరకూ, చొక్కాకూ పుట్టిల్లు మన పత్తిచేనే కదా! ఈనాడు ప్రపంచంలో తయారయ్యే పోగులో సగానికి పైగా పాలిస్టరు. అది ముడిచమురు నుండి తీసినది. పారవేస్తే ఏళ్ల తరబడి మట్టిలో కలవదు. నూలుబట్ట కలుస్తుంది. ఇదే మన సరుకుకున్న బలం. అయితే మందు మీద మందు కొట్టి పండిస్తే నేల చెడుతుంది, చేతి డబ్బు పోతుంది, ఆ బలమూ పోతుంది.

వెనుక జరిగినది మరువరాదు. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పొగాకు లద్దెపురుగు పత్తిని ఊడ్చివేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. అప్పుల పాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చి శనగపచ్చ పురుగు బెడద తగ్గించింది. కాని కొన్నేళ్లకే గులాబీ రంగు పురుగు ఆ పత్తినీ తట్టుకొన్నది. విత్తనం ఒక్కటే మనలను కాపాడదు. మరి ఏం చేయాలి?

మొదటిది, పురుగుకు తిండి లేకుండా చేయండి. గులాబీ రంగు పురుగుకు ముఖ్యాహారం పత్తి. నాలుగు కాయలకు ఆశపడి వేసవి దాకా చేను ఉంచితే మరుసటి పైరుకు మనమే పురుగును పెంచినట్లు. డిసెంబరు చివరకు పంట ముగించండి. గొర్రెలను, మేకలను తోలి మిగిలిన కాయలను మేపండి. పత్తికట్టెను వంటచెరకుకని గట్టున వామి వేయకండి.

రెండవది, చూడకుండా మందు కొట్టకండి. ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు పెట్టండి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే అప్పుడే మందు సంగతి ఆలోచించండి. విచ్చుకోకుండా ముడుచుకొన్న గుడ్డిపూలు కనబడితే ఏరి నాశనం చేయండి.

మూడవది, తీతలో శుభ్రత. మంచు ఆరిన తరువాతనే తీయండి. ఎండుటాకు, పురుగు తిన్న పత్తి మంచిదానిలో కలపవద్దు. ప్లాస్టిక్ సంచులకు బదులు గుడ్డసంచులు వాడండి. ఒక్క ప్లాస్టిక్ పోగు దూదిలో కలిసినా దానికి రంగు అంటదు, బట్ట మీద మచ్చగా నిలుస్తుంది. ఇక తేమ ఎనిమిది శాతం దాటితే మద్దతు ధరలో కోత పడుతుంది. పన్నెండు దాటితే సర్కారు కొనుగోలులో తీసుకోరు. బాగా ఆరబెట్టండి.

నాల్గవది, నాటుపత్తి మాట. అది వానకొరతను, పచ్చదోమను బాగా ఓర్చుకొంటుంది. పొడుగు పింజ కోరే మిల్లులు వచ్చి దానిని వెనక్కు నెట్టినవి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో మాత్రం కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రపరచి, చేతితో సన్ననూలు వడికి ఖద్దరు నేస్తారు. పింజ పొట్టిదైనా పనితనముంటే విలువ ఉన్నదన్నమాట. అయితే తొందరపడకండి, కొనేవారెవరో తెలుసుకొన్న తరువాతనే కొద్ది చెక్కలో వేసి చూడండి.

బట్ట మన్నిక మగ్గం దగ్గర మొదలు కాదు, విత్తనం దగ్గర మొదలవుతుంది. ఈసారి విత్తేముందే పంట ఎప్పుడు ముగించేదీ ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి.