పార్ నాలుగైతే, నాకు ఏడు

మేం రియాద్ వచ్చి పదకొండేళ్లు. బాబు చదువుకోసం అమెరికా వెళ్లాక ఇల్లు బోసిపోయింది. 2018 జూన్‌లో ఇక్కడ ఆడవాళ్లకి డ్రైవింగ్ అనుమతి వచ్చాక లైసెన్సు తీసుకున్నాను. కానీ సూపర్ మార్కెట్‌కి తప్ప కారు తీసే పనేముంది? 2020 నవంబరులో ఈ దేశంలో మొదటిసారి మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నమెంట్ జరిగింది. అప్పుడే ముందు వచ్చిన 1000 మంది ఆడవాళ్లకి ఉచిత సభ్యత్వం అన్నారు. పేరిచ్చేశాను.

కొన్నాళ్లు నేర్చుకుని తొమ్మిది హోల్స్ ఆడాను. పార్ 36, నేను 71. వెనక ముగ్గురు మగవాళ్లు తమ వంతు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంటికొచ్చి బ్యాగు స్టోర్‌రూమ్‌లో పడేశాను. ఎలా ఆడావని మా ఆయన అడిగితే, "ఎండగా ఉంది" అన్నాను. ఈ వయసులో ఆటలేమిటమ్మా అని అత్తయ్యగారు ఫోన్లో అన్నది నిజమేననిపించింది.

సంగతి మా వాడికి చెప్పాను. వాడు అక్కడ డిస్క్ గోల్ఫ్ ఆడతాడు. బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, గుంతకి బదులు గొలుసులు వేలాడే బుట్ట.

"అమ్మా, పార్ అనేది ఆరితేరినవాళ్లు తప్పు చేయకుండా ఆడితే వచ్చే లెక్క. నీకూ నాకూ కాదు. మా ఆటలో రేటింగ్ 900 లోపు వాళ్లకి రిక్రియేషనల్ అని వేరే విభాగమే ఉంది. 1000 ఉన్నవాళ్లతో నన్నెవరూ పోల్చరు. నువ్వు హ్యాండిక్యాప్ తీసుకున్నావా?"

అప్పుడు కూర్చుని చదివాను. 2020 నుంచి గోల్ఫ్‌లో ప్రపంచమంతటికీ ఒకే హ్యాండిక్యాప్ పద్ధతి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా గరిష్ఠం 54. అంటే 18 హోల్స్‌లో ఒక్కోదానికి మూడు షాట్లు అదనం. మైదానం కష్టాన్ని బట్టి కాస్త అటూఇటూ మారుతుంది. పార్ నాలుగున్న చోట నాకు ఏడన్నమాట! ఇంకో మాట నాకు మరీ నచ్చింది. చివరి 20 ఆటల్లో మంచివి 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. మిగతా 12 చెడ్డరోజుల్ని వదిలేస్తారు. మనింట్లో ఎవరైనా అలా లెక్కేస్తారా చెప్పండి!

బ్యాగు దులిపి మళ్లీ వెళ్లాను. కొన్ని నెలల తర్వాత, హ్యాండిక్యాప్ 18 ఉన్న ఒక ఫిలిప్పీన్స్ నర్సుతో తొమ్మిది హోల్స్ పోటీ. ఆవిడ 47, నేను 61. ఆవిడకి తొమ్మిది, నాకు 27 తీసేస్తే 38, 34. నేనే గెలిచాను! ఆవిడే ముందుగా చెయ్యి కలిపింది.

2023లో ఇక్కడి టోర్నమెంట్‌లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒకే ఒక్క షాట్ తేడాతో లిడియా కో తర్వాత రెండో స్థానంలో నిలిచింది. పార్ అలాంటివాళ్ల కోసం. నా పోటీ నా పాత అంకెతో.

ఇప్పుడు నా హ్యాండిక్యాప్ 41. బ్యాగు కారు డిక్కీలోనే ఉంటోంది.