పెనానికి గార... బెల్లానికి చేటు!

బందరు లడ్డూకి ప్రాణం బెల్లం పాకం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లడ్డూ రుచి ఎక్కడ చెడుతుందో తెలుసా? చెరకు రసం కాచే పెనం అడుగున!

రసంలో తీపితోపాటు ఖనిజ లవణాలూ ఉంటాయి. దివిసీమలోని ఉప్పునేలల్లో పండిన చెరకులో అవి మరీ ఎక్కువ. మడ్డి పైకి తేలాలని వండేవారు కాస్త సున్నం కూడా కలుపుతారు. రసం చిక్కబడేకొద్దీ కాల్షియం లవణాలు కరిగి ఉండలేక పెనానికి అంటుకుంటాయి. అదే గార. ఇక పొయ్యిలో పిప్పి ఎంత ఎగదోసినా రసం త్వరగా మరగదు. అడుగు మాత్రం మాడుతుంది. బెల్లం నల్లబడుతుంది, ధర పడిపోతుంది.

కెనడాలో మేపుల్ చెట్ల రసం కాచేవారికీ ఇదే తంటా. ఆ గారను వాళ్లు 'చక్కెర ఇసుక' అంటారు, వెనిగర్‌తో కరిగిస్తారు. మనకు చింతపండు ఉందిగా!

సున్నం కొలిచి వేయాలి. మడ్డి తేలగానే తీసేయాలి. బెల్లం దించగానే పెనంలో నీళ్లు పోసి కడగాలి. అప్పటికీ పలచగా గార పట్టిందా... చింతపండు పులుసు కాసేపు మరిగించి, పీచుతో రుద్ది, మంచినీళ్లతో కడిగేయాలి. ఇనుప పెనంలో పులుపు రాత్రంతా ఉంచొద్దు, తుప్పు పడుతుంది. ఉలితో చెక్కడమూ వద్దు. ఆ గీతల్లోనే మళ్లీ గార చేరుతుంది!