యోసెమిటీలో భయపడాల్సింది ఎలుగుబంటికి కాదు

వేసవికి అమ్మానాన్నలో అత్తమామలో అమెరికా వచ్చారంటే బే ఏరియా తెలుగు ఇళ్లలో యోసెమిటీ నేషనల్ పార్కు మాట రాకుండా ఉండదు. శాన్‌హోజే నుంచి కారులో నాలుగైదు గంటల దారి. గుడారం అద్దెకు తెద్దాం, పులిహోర కలుపుకుందాం, రెండు రాత్రులు కొండల్లో పడుకుందాం అనుకునేవరకూ అంతా బాగానే ఉంటుంది. ఏర్పాట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ నోటా ఈ నోటా విన్న మాటలే ఆధారమవుతాయి. వాటిలో చాలా తప్పు. ధైర్యంగా ఉండదగ్గ చోట మనవాళ్లు వణుకుతారు, భయపడి తీరాల్సిన చోట చెప్పులు విప్పి దిగిపోతారు.

అపోహ: నెల ముందు చూసుకుంటే చాలు. చోటు దొరక్కపోతే కారులో పడుకోవచ్చు.

వాస్తవం: యోసెమిటీ లోయలోని అప్పర్ పైన్స్ లాంటి క్యాంప్‌గ్రౌండ్లకు బుకింగ్ నాలుగైదు నెలల ముందే, నెలనెలా 15వ తేదీ ఉదయం 7 గంటలకు ‘రిక్రియేషన్ డాట్ గవ్’లో మొదలవుతుంది. జూన్ 15 నుంచి జులై 14 లోపు వెళ్లాలంటే ఫిబ్రవరి 15 పొద్దున్నే సిద్ధంగా ఉండాలి. నిమిషాల్లో అయిపోతాయి. అయితే రద్దు చేసుకునేవాళ్లూ ఉంటారు. ఆ సైట్లు (గుడారం వేసుకునే చోట్లు) మళ్లీ కనిపిస్తుంటాయి కాబట్టి అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి. మీరు బుక్ చేసుకున్న సైటులో తప్ప పార్కులో మరెక్కడా కారులో నిద్రపోకూడదు. ఇంకో సంగతి మనవాళ్లకు మరీ ముఖ్యం: మామూలు సైటులో ఆరుగురికే అనుమతి, పసిపిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లాలనుకుంటే ముందే పక్కపక్క సైట్లో, గ్రూప్ సైటో వెతుక్కోవాలి.

అపోహ: పార్కు బయట అడవిలో ఎక్కడైనా గుడారం వేసుకోవచ్చు.

వాస్తవం: యోసెమిటీ చుట్టూ ఉన్న స్టానిస్లాస్, సియెర్రా, ఇన్యో నేషనల్ ఫారెస్టుల్లో చాలాచోట్ల ఉచితంగా ఉండనిస్తారు. అన్నిచోట్లా కాదు. అక్కడ మరుగుదొడ్డి ఉండదు, తాగునీరు ఉండదు. చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించాలన్నా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఎండలు ముదిరాక మంటల మీద ఆంక్షలు వస్తాయి. బయల్దేరే ముందు ఆ ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవడం తప్పనిసరి.

అపోహ: ఏ ఊళ్లో దిగినా ఒకటే, మ్యాపులో అన్నీ దగ్గరే.

వాస్తవం: పడమటి వైపు మారిపోసా, గ్రోవ్‌ల్యాండ్, దక్షిణాన ఓక్‌హర్స్ట్, తూర్పున లీ వైనింగ్ ఉన్నాయి. లీ వైనింగ్ నుంచి లోయకు రావాలంటే టయోగా రోడ్డు ఎక్కాలి. ఆ దారి 9,943 అడుగుల ఎత్తున్న కనుమ మీదుగా వస్తుంది. మంచు వల్ల సుమారు నవంబరులో మూస్తారు, చాలా ఏళ్లు మే చివర్లోనో జూన్‌లోనో తీస్తారు. 2023లో విపరీతంగా మంచు పడి జులై 22 దాకా తెరవలేదు. దారి మూసి ఉన్నప్పుడు తూర్పున బస తీసుకుంటే, రెండు గంటల ప్రయాణం కాస్తా పర్వతాలన్నీ చుట్టి రావడమవుతుంది. లోయలో పెట్రోలు బంకు కూడా లేదు. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

అపోహ: కాలిఫోర్నియా ఎండాకాలంలో చలి ఏమిటి?

వాస్తవం: లోయ సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉంది, టువాలమీ మెడోస్ 8,600 అడుగుల ఎత్తున. రెండూ ఒకే పార్కు. జులై మధ్యాహ్నం లోయలో చెమటలు పడితే, అదే రాత్రి పైన నీళ్లు గడ్డకట్టే చలి ఉండొచ్చు. పెద్దవాళ్లు వెంట ఉంటే మందపాటి స్లీపింగ్ బ్యాగు ఒక్కటే సరిపోదు, కింద పరుచుకునే ప్యాడ్ కూడా కావాలి. ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది. అన్నట్టు, టువాలమీ ఎత్తులో నీళ్లు సుమారు 91 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో ఓ పట్టాన ఉడకదు. కుక్కరు పట్టుకెళ్లండి.

అపోహ: ఎలుగుబంట్లు మనుషుల్ని చంపేస్తాయి. తిండి కారులో పెట్టి తాళం వేస్తే క్షేమం.

వాస్తవం: యోసెమిటీలో ఉన్నవి నల్ల ఎలుగులు. చాలావాటి బొచ్చు గోధుమరంగులో ఉండటంతో గ్రిజ్లీలనుకుని జనం హడలిపోతారు. కాలిఫోర్నియాలో గ్రిజ్లీలు 1920ల్లోనే అంతరించాయి, రాష్ట్ర జెండా మీద బొమ్మగా మిగిలాయి. ఈ పార్కులో ఎలుగు చేతిలో ఇంతవరకూ ఎవరూ చనిపోలేదు.

దానికి కావలసింది మన తిండి. కారు తాళం దాన్ని ఆపలేదు, తలుపును పై అంచు పట్టి వంచేస్తుంది. 1998లో ఒక్క ఏడాదే ఎలుగులు కార్లు పగలగొట్టడం, తిండి ఎత్తుకుపోవడం లాంటి ఘటనలు 1,500 దాటాయి. ఆ తర్వాత ఇనుప పెట్టెల వాడకం కట్టుదిట్టం చేశాక బాగా తగ్గాయి. ప్రతి సైటులో అలాంటి పెట్టె ఉంటుంది. ఆవకాయ సీసా, పాల డబ్బా, ఖాళీ కూలర్ మాత్రమే కాదు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, పిల్లల వైప్స్ కూడా అందులోకే వెళ్లాలి. వాసన ఉన్నదేదైనా దానికి తిండే. చీకటి పడ్డాక కారులో ఒక్క చాక్లెట్ కూడా ఉండకూడదు. మన రుచి మరిగిన ఎలుగు మనుషులంటే బెదరడం మానేస్తుంది, చివరికి దాన్ని చంపేయాల్సి వస్తుంది. మనం పారేసిన అరటితొక్కతోనే ఆ అలవాటు మొదలుకావచ్చు. రోడ్డు పక్కన ఎర్ర ఎలుగు బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తే, అక్కడ ఏదో బండి ఒక ఎలుగును గుద్దిందని అర్థం. ఆ బోర్డులు చాలానే ఉన్నాయి. వేగం తగ్గించండి, దయచేసి.

అపోహ: నీళ్లు మోకాలి లోతే కదా, ఫొటో దిగి వచ్చేద్దాం.

వాస్తవం: నా భయమంతా ఇక్కడే. మే, జూన్ నెలల్లో లోయలోని మెర్సెడ్ నదిలో పారేది అప్పుడే కరిగిన మంచు. ఆ చల్లదనానికి ఈతగాడి చేతులు కూడా నిమిషాల్లో పట్టు తప్పుతాయి. ఒడ్డున గ్రానైట్ రాళ్లు నునుపుతేలి ఉంటాయి, తడిస్తే కాలు నిలవదు. 2011 జులైలో వెర్నల్ ఫాల్ అంచున కంచె దాటి నీళ్లలోకి దిగిన ముగ్గురు కొట్టుకుపోయి చనిపోయారు. జలపాతానికి ఎగువన నీళ్లు నిదానంగా కనిపించినా పాదం పెట్టకూడదు. గోదావరిలో ఈదినవాళ్లమన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఆగస్టు నాటికి నది చాలా నెమ్మదిస్తుంది, లోయలో ఇసుక తిన్నెల దగ్గర పిల్లలు మీ కళ్ల ముందు ఆడుకోగలరు. కానీ 2,425 అడుగుల యోసెమిటీ ఫాల్స్ ఆ నెలలో చాలా ఏళ్లు ఎండిపోయి ఉంటుంది. అమ్మకు జలపాతం చూపించాలంటే మే నెలకే టికెట్లు తీయండి.